పసుపుపచ్చ కప్లర్ ముట్టుకునే ముందు: కారు ఎయిర్‌బ్యాగ్ మరమ్మతు, కరెంటు లోపాల నిర్ధారణ

తాళం ఆన్ చేయగానే మీటరు బోర్డులో ఒక ఎర్రదీపం వెలుగుతుంది. సీటులో కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రటి సంచి ఉన్న బొమ్మ దాని గుర్తు. అది ఆరేడు సెకన్లు వెలిగి ఆరిపోతే, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ తనను తాను పరీక్షించుకుని లోపం లేదని తేల్చుకున్నట్టు. ఆరకుండా వెలుగుతూ ఉన్నా, దారి మధ్యలో మళ్లీ వెలిగినా ఎక్కడో లోపం ఉన్నట్టు. ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగకపోవడం వీటన్నిటికంటే అనుమానించవలసిన సంగతి, ఎందుకంటే లోపాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో ఆ దీపాన్నే తీసేసి ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఈ ఒక్క పరీక్షను తప్పకుండా స్వయంగా చేసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ ఇంజను విప్పి బిగించగల చేతులకు కొదవ లేదు. వైరింగ్ పని తండ్రి దగ్గరో గురువు దగ్గరో చూసి నేర్చుకున్న ఎలక్ట్రీషియన్లూ చాలామంది ఉన్నారు. అయితే టెస్ట్ ల్యాంపు పట్టుకుని వైరు వైరునూ గుచ్చి చూసే పాత పద్ధతి హారనుకూ హెడ్‌లైటుకూ సరిపోయింది గానీ, ఎయిర్‌బ్యాగ్ దగ్గర అదే పద్ధతి ప్రాణం మీదికి తెస్తుంది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌ను, 2021లో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌ను తప్పనిసరి చేశారు కనుక, ఇప్పుడు షెడ్డుకు వచ్చే చిన్న కార్లలో కూడా ఈ వ్యవస్థ ఉంటుందని అనుకునే పని మొదలుపెట్టాలి.

ముందు బ్యాటరీ

ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా, బ్రేకుల ఏబీఎస్ దీపం వెలిగినా, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోయినా మొదట చూడవలసింది బ్యాటరీనే. వోల్టేజి పడిపోయినప్పుడు కారులోని కంట్రోల్ మాడ్యూళ్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఒకదాని తర్వాత ఒకటి లోపాలను సూచించే తప్పుడు కోడ్‌లను నమోదు చేస్తాయి. ఆ కోడ్‌లను నమ్మి విడిభాగాలు మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. కారును కొన్ని గంటలు నిలిపి ఉంచిన తర్వాత మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.4 చూపితే సుమారు ముప్పావు వంతు చార్జి ఉన్నట్టు, 12 దగ్గరకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే అదుపు చేస్తుంది కాబట్టి ఆ అంకె కొంత అటూ ఇటూ మారవచ్చు.

రోహిణీ కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఆరుబయట నిలిపే మన కార్ల బ్యాటరీలు చలి ప్రాంతాల బ్యాటరీల కంటే త్వరగా పాడవుతాయి. అందువల్ల బ్యాటరీని వోల్టేజి చూసి మాత్రమే మంచిదని తేల్చకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడు అది లోడును తట్టుకుంటోందో లేదో చూడాలి.

ఎర్త్ లోపాన్ని పట్టుకోవడం

కరెంటు లోపాల్లో అన్నిటికంటే ఎక్కువ సమయం తినేదీ, సరైన పద్ధతి తెలిస్తే అన్నిటికంటే సులభంగా దొరికేదీ ఎర్త్ లోపమే. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు వెళ్లే మందపాటి తీగల చివర్లలో తుప్పు పట్టినా, టింకరింగ్ చేసి రంగు వేసిన తర్వాత బోల్టు కింద రంగు గీకకుండా బిగించినా కరెంటు తిరిగి వెళ్లే దారి ఇరుకవుతుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఆ తీగ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు మిగిలిన ఒకటి రెండు పోగులే చాలు. సెల్ఫ్ మోటారు లాగే వంద ఆంపియర్లకు పైబడిన కరెంటుకు అవి చాలవు.

అందుకే ఆ తీగను పని చేయిస్తూ కొలవాలి. మల్టీమీటరును డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీదే పెట్టాలి గానీ దానికి తగిలించిన క్లాంపు మీద పెట్టకూడదు. ఎర్ర ప్రోబ్‌ను ఇంజను బ్లాకులో రంగు లేని లోహం మీద పెట్టి, రెండో మనిషి చేత సెల్ఫ్ కొట్టించాలి. అప్పుడు మీటరులో 0.2 వోల్టులకు లోపు కనిపిస్తే ఆ దారి బాగున్నట్టు. 0.8 అనో 1 అనో కనిపిస్తే లైట్లు మసకబారడానికీ, సెల్ఫ్ మూలగడానికీ, కోడ్‌లను చదివే స్కానర్‌లో పొంతన లేని కోడ్‌లు పేరుకోవడానికీ కారణం అక్కడే ఉంది. ఎర్ర ప్రోబ్‌ను క్లాంపు మీదికి, తర్వాత బాడీ బోల్టు మీదికి, తర్వాత ఇంజను మీదికి జరుపుతూ పోతే అంకె ఏ అతుకు దగ్గర ఒక్కసారిగా పెరిగిందో ఆ అతుకే దోషి. హెడ్‌లైటు, ఫ్యాను, పెట్రోలు పంపు ఎర్త్‌లనూ ఇలాగే వాటిని నడిపిస్తూ కొలవవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయి తిరిగేలా నేర్చుకున్న కుర్రవాడికి సగం వైరింగ్ పని వచ్చినట్టే అని నా అభిప్రాయం.

పాజిటివ్ వైపు కూడా పద్ధతి ఇదే. ఫ్యూజులను మార్చేటప్పుడు అదే రేటింగు వేయాలి. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోయిన చోట ముప్పై ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెట్టడమూ, రాగి తీగ చుట్టడమూ కారును తగలబెట్టే పనులు.

రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి స్టార్టు కాకపోతే ఏదో ఒక పరికరం నిద్రపోకుండా కరెంటు తాగుతున్నట్టు. ఆధునిక కారులో అన్ని మాడ్యూళ్లూ నిద్రలోకి జారాక ఆ కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. అవి నిద్రపోవడానికి అరగంట దాకా పట్టవచ్చు. తలుపు లాచీని స్క్రూడ్రైవరుతో మూసి తలుపు వేసినట్టు భ్రమింపజేసి, కీని కారుకు దూరంగా ఉంచి, ఓపికగా ఆగాలి. తర్వాత ఫ్యూజులను ఒక్కొక్కటే పీకి చూస్తే మాడ్యూళ్లు మళ్లీ మేలుకుంటాయి. కాబట్టి పీకకుండా ఒక్కో ఫ్యూజు వీపున కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవాలి. ఏ ఫ్యూజులో అంకె కనిపిస్తే ఆ సర్క్యూటులో కరెంటు పారుతోంది. చాలాసార్లు దొంగ బయట నుంచి వచ్చినవాడే అయి ఉంటాడు. కంపెనీ వైరును కోసి తగిలించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ పెట్టె, డ్యాష్ కెమెరా వంటి వాటిని ముందుగా అనుమానించాలి. అపార్టుమెంటు సెల్లారులో నిలిపే కార్లలో ఎలుకలు కొరికిన వైర్లను కూడా వెతకాలి.

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని స్కానర్ చెబితే, బ్యాటరీ తీసి డయాగ్నస్టిక్ సాకెట్‌లోని 6, 14 నంబరు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. మాడ్యూళ్లను కలిపే జంట వైర్ల రెండు చివర్లలో 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కనుక చాలా కార్లలో 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిసిపోయినట్టు.

ఎయిర్‌బ్యాగ్ దగ్గర మీటరు పక్కన పెట్టాలి

ఇంతవరకూ చెప్పిన కొలతల్లో ఏ ఒక్కటీ ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే పసుపుపచ్చ వైర్ల మీద చేయకూడదు. ఎయిర్‌బ్యాగ్ లోపల ఇనిషియేటర్ అనే చిన్న పేలుడు గుళిక ఉంటుంది. దాని రెసిస్టెన్సు రెండు ఓమ్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఒక ఆంపియరుకు కొంచెం పైబడిన కరెంటు సెకనులో వెయ్యో వంతులు రెండు పారితే చాలు, అది మండి సంచిని నింపేస్తుంది. ప్రమాదంలో ఇదంతా కనురెప్ప వేసేలోపు, అంటే 30 నుంచి 40 మిల్లీ సెకన్లలో, జరిగిపోతుంది. ఓమ్స్ మీటరు కూడా తన సొంత బ్యాటరీ నుంచి కరెంటు పంపే కొలుస్తుంది. అందుకే తయారీ సంస్థలన్నీ ఎయిర్‌బ్యాగ్ గుళికను మీటరుతో గానీ టెస్ట్ ల్యాంపుతో గానీ ముట్టుకోవద్దని సర్వీసు మాన్యువల్‌లో రాస్తాయి. సీటు బెల్టును ఒక్క క్షణంలో బిగించే ప్రీటెన్షనర్‌లోనూ ఇలాంటి గుళికే ఉంటుంది కనుక ఆ జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలును చదవగల స్కానర్‌తో కోడ్‌లను చదివి కాగితం మీద రాసుకోవాలి. ఫోనుకు కలిపే చవక బ్లూటూత్ డాంగిళ్లు సాధారణంగా ఇంజను కోడ్‌లనే చదువుతాయి. వాటిని చూసి ఎయిర్‌బ్యాగ్ బాగుందని చెప్పడం తప్పు. తర్వాత చక్రాలను తిన్నగా పెట్టి, తాళం ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విప్పి అది పొరపాటున తగలకుండా గుడ్డ చుట్టాలి. బ్యాటరీ తీసినా మాడ్యూలులోని కెపాసిటర్లలో ఎయిర్‌బ్యాగ్‌ను పేల్చేంత కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా సంచి తెరుచుకోవాలనే అలా తయారుచేశారు. కొన్ని సంస్థలు 90 సెకన్లు, కొన్ని మూడు నిమిషాలు, మరికొన్ని అంతకంటే ఎక్కువ ఆగమంటాయి. ఆ కారు మాన్యువల్ ఎంత చెబితే అంత ఆగాలి. గడియారం సెట్టింగు పోకూడదని సిగరెట్ లైటర్ సాకెట్‌కు చిన్న బ్యాటరీ తగిలించి ఉంచితే ఈ జాగ్రత్త మొత్తం వ్యర్థమవుతుంది.

దీపం వెలిగిన కారులో మొదట చూడవలసిన చోటు ముందు సీట్ల కింద ఉంటుంది. సీటుకు పక్క ఎయిర్‌బ్యాగ్ గానీ బెల్టు బకిల్ స్విచ్ గానీ ఉంటే దాని వైర్లు ఒక పసుపుపచ్చ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ద్వారా నేల మీది హార్నెస్‌కు, అంటే వైర్ల కట్టకు, కలుస్తాయి. సీటు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా ఆ వైర్లు లాగబడతాయి. నీళ్ల సీసా, గొడుగు, వ్యాక్యూమ్ గొట్టం అన్నీ దానికే తగులుతాయి. బ్యాటరీ విప్పి ఆగిన తర్వాత టార్చి వేసి చూస్తే, కప్లర్ మీద చిన్న లాకు పలక పూర్తిగా లోపలికి నొక్కుకుని ఉందో లేదో కనిపిస్తుంది. కప్లర్ బయటి గొళ్లెం పడినా ఈ లోపలి పలక పడకపోతే, పిన్నులు అరకొరగా తగిలి, గతుకుల రోడ్డు మీద మాత్రమే దీపం వెలుగుతుంది. కప్లర్‌ను విప్పితే లోపల రెండు పిన్నులను కలుపుతూ సన్నని లోహపు స్ప్రింగు కనిపిస్తుంది. కప్లర్ విడిపోయిన క్షణంలోనే అది రెండు వైర్లనూ ఒకటి చేసి, స్టాటిక్ కరెంటు కూడా గుళికను మండించకుండా అడ్డుకుంటుంది. ఆ స్ప్రింగు వంగినా, పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టినా కప్లర్‌ను గీకి వాడకూడదు. చాలామంది తయారీదారులు ఈ వైర్లను కోసి అతకడాన్ని అనుమతించరు, హార్నెస్ ముక్కనే మార్చమంటారు.

దీపంతో పాటు హారను మోగకపోయినా, స్టీరింగు మీది పాటల బటన్లు పని చేయకపోయినా అనుమానం నేరుగా క్లాక్ స్ప్రింగు మీదికి వెళ్లాలి. స్టీరింగు తిరుగుతున్నా వైర్లు తెగకుండా చుట్టలుగా విప్పుకుంటూ ముడుచుకుంటూ ఉండే రిబ్బను తీగ అది. స్టీరింగు రాక్ మార్చేటప్పుడు చక్రాలు తిన్నగా లేకుండా, స్టీరింగు కట్టివేయకుండా పని చేస్తే అది నడుమ స్థానం తప్పి, తర్వాత మొదటి పెద్ద మలుపులోనే తెగిపోతుంది. కొత్తది బిగించేటప్పుడు దాని మీది గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా మాన్యువల్ ప్రకారం నడుమకు తేవాలి.

ఇక గుళికే చెడిందా, వైరు చెడిందా అని తేల్చడానికి మీటరుకు బదులు, గుళిక స్థానంలో పెట్టే డమ్మీ రెసిస్టర్ వాడాలి. అది తయారీ సంస్థ నిర్దేశించిన విలువదే కావాలి. బ్యాటరీ విప్పి ఆగి, ఎయిర్‌బ్యాగ్ కప్లర్ తీసి, హార్నెస్ వైపున డమ్మీని పెట్టి, బ్యాటరీ తగిలించి, కోడ్‌ను మళ్లీ చదవాలి. కోడ్ ఇప్పుడు లేకపోతే లోపం ఎయిర్‌బ్యాగ్‌లో ఉంది. ఉంటే డమ్మీని క్లాక్ స్ప్రింగుకు వెనుక వైపుకు జరిపి చూడాలి. అక్కడ కోడ్ పోతే క్లాక్ స్ప్రింగు చెడినట్టు, అక్కడా పోకపోతే నేల హార్నెస్ గానీ మాడ్యూలు గానీ చెడినట్టు. డమ్మీని జరిపిన ప్రతిసారీ బ్యాటరీ విప్పడం, ఆగడం మళ్లీ చేయాలి. రెండోసారి కదా అని ఆగకుండా చేయి పెట్టేవారు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

పని అయ్యాక ఆ డమ్మీని కారులోనే వదిలేసి, దీపం ఆరింది కదా అని బిల్లు తీసుకోవడం నేరం కిందే లెక్క. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న కారుకు కొత్త సంచి ఖరీదు ఎక్కువని, ఖాళీ మూత అతికించి లోపల రెసిస్టర్ పెట్టి అమ్మేవారున్నారు. కొన్నవాడు ఎర్రదీపం లేదు కాబట్టి ధైర్యంగా పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కుతాడు. ప్రమాద సమాచారం నమోదైన మాడ్యూలును రీప్రోగ్రాం చేసి తిరిగి బిగించడాన్ని కూడా నేను ఒప్పుకోను. తయారీ సంస్థ మార్చమన్న చోట మార్చాలి. పాత ఇనుప కొట్టు నుంచి తెచ్చిన సంచి ఏ ఎండలో, ఏ తేమలో ఎన్నేళ్లు ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి అదీ వద్దు.

వేడి, తేమ ఎంత పని చేయగలవో ప్రపంచానికి టకాటా ఇన్‌ఫ్లేటర్లు (సంచిని నింపే భాగాలు) చూపించాయి. ఆ జపాన్ సంస్థ తయారుచేసిన కొన్ని ఇన్‌ఫ్లేటర్లలో అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, సంచి తెరుచుకునేటప్పుడు లోహపు గుల్ల పగిలి ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. మన దేశంలోనూ హోండా, టయోటా వంటి సంస్థలు ఆ ఇన్‌ఫ్లేటర్లను ఉచితంగా మార్చే రీకాల్ ప్రకటించాయి. కోస్తాలో తిరిగే పాత కారు షెడ్డుకు వచ్చినప్పుడు దాని ఛాసీ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి రీకాల్ మిగిలి ఉందేమో చూడడం ఐదు నిమిషాల పని.

విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను పట్టుకునే ముందు బాడీ లోహాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ కరెంటును వదిలించుకోవాలి. మోసేటప్పుడు మెత్తటి మూత వైపు ఒంటికి దూరంగా, బయటికి ఉండాలి. బల్ల మీద మూత పైకి వచ్చేలా ఒంటరిగా పెట్టాలి. బోర్లా పెడితే అది తెరుచుకున్నప్పుడు లోహపు భాగం మొత్తం గాలిలోకి లేస్తుంది. దాని మీద ఏ వస్తువూ పెట్టకూడదు, ఎండలో గానీ వెల్డింగు నిప్పురవ్వలకు దగ్గరగా గానీ ఉంచకూడదు. కంట్రోల్ మాడ్యూలును బిగించేటప్పుడు దాని మీది బాణం గుర్తు కారు ముందుకు చూపాలి, బోల్టులు చెప్పిన టార్కుకే బిగియాలి, ఎందుకంటే ఢీకొన్న దెబ్బను కొలిచే సెన్సారు దాని లోపలే ఉంటుంది. బోల్టులు వేయకుండా తాళం ఆన్ చేయకూడదు. అంతా బిగించాక కారులో ఎవ్వరూ కూర్చోకుండా చూసి, స్టీరింగుకు ఎదురుగా తల పెట్టకుండా పక్క నుంచి చేయి చాపి తాళం ఆన్ చేయాలి.

బుడమేరు నీళ్లు తాగిన కార్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. వాటిలో చాలావాటిని కడిగి ఆరబెట్టి మళ్లీ రోడ్డెక్కించారు. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు చాలా కార్లలో గేరు రాడ్డు కింద, దాదాపు నేలను ఆనుకునే ఉంటుంది కనుక సీటు దాకా నీళ్లు వచ్చిన కారులో అది మునిగినట్టే లెక్కించాలి. ఆరబెట్టాక కొన్నాళ్లు పని చేసినా, బురదలోని లవణాలు పిన్నులను నెమ్మదిగా తింటాయి. ముందు సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగి చూస్తే నీళ్లు నిలిచిన ఎత్తున మట్టి చార కనిపిస్తుంది. సీటు పట్టాల మూలల్లోనూ కార్పెట్ అడుగునా ఒండ్రు మిగిలి ఉంటుంది. అలాంటి కారుకు మాడ్యూలు, సీటు కింది కప్లర్లు, మునిగిన ప్రీటెన్షనర్లు తయారీ సంస్థ చెప్పినట్టు మార్చిన తర్వాతే కోడ్‌లు చెరపాలి.

కారు అప్పగించేటప్పుడు యజమానికి రెండు మూడు విషయాలు చెప్పాలి. సీటులో పక్క ఎయిర్‌బ్యాగ్ ఉంటే కుట్టు తెరుచుకునే ప్రత్యేకమైన సీటు కవరే వేయించుకోవాలి. ముందు బుల్ బార్‌లను కేంద్రం 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది, అవి సెన్సారుకు చేరే దెబ్బను మార్చేస్తాయి. డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి విగ్రహాన్ని పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ మూత మీద అతికించి ఉంటే దానిని మధ్యలోకి జరపమని మర్యాదగా చెప్పాలి, ఎందుకంటే సంచి తెరుచుకుంటే ఆ విగ్రహం ముందు కూర్చున్నవారి ముఖం మీదికే వస్తుంది. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. బిల్లులో మార్చిన భాగం పేరు, పాత కోడ్, పని తర్వాత తీసిన స్కానర్ రిపోర్టు మూడూ ఉండాలి.